సగం ధర చేపలు

ఆ పిల్లకి ముక్కుపిల్ల అని పేరు పెట్టింది వాళ్ళ మేనమామ. నెలల పిల్లగా ఉన్నప్పుడే పాలసీసా అందిస్తే ముందు వాసన చూసి, నచ్చితేనే నోరు తెరిచేదట. నచ్చకపోతే మొహం పక్కకి తిప్పేసేదట. అదేం లేదని అమ్మ అంటుంది, ఒట్టేసి మరీ చెబుతాడు మేనమామ. నిజమో, ఆయన కోసిన కోతో గాని, పేరు మాత్రం జిగురు పెట్టినట్టు అతుక్కుపోయింది. పెద్దయ్యాక కూడా కంచం ముందు కూర్చుంటే ముందు ముక్కు, తరవాతే నోరు. ఆమె "ఊఁ" అంటే గాని ఇంట్లో నిన్నటి కూర ఎవరూ ముట్టుకునేవారు కారు.

అంత ముక్కున్న పిల్లకి దేవుడిచ్చిన నాన్న ఏం పని చేసేవాడంటే, మురుగు గొట్టాలు బాగుచేసే మేస్త్రీ. ఎవరింట్లో దొడ్డి పొంగినా, ఎవరి వంటింటి తూము మూసుకుపోయినా ఆయనకే కబురు. సాయంత్రం పెరటి కుళాయి దగ్గర బట్టలుతికే సబ్బుతో మోచేతుల దాకా తోముకుని గాని ఇంట్లో అడుగు పెట్టేవాడు కాదు. అయినా గోళ్ళ సందుల్లో ఏదో మిగిలిపోయేది. కూతురు మూతి ముడుచుకుని ఆ గోడకి ఈ గోడకి మధ్య ఎంత దూరముంటే అంత దూరం జరిగి కూర్చునేది. ఆయనకి కోపం వచ్చేది కాదు.

"ఇది నా ఒక్కడి వాసన కాదే తల్లీ, ఊరందరిదీ. నేను మోసుకొస్తున్నానంతే," అనేవాడు.

ఆ పిల్లకి అద్దాల తలుపుల సూపర్‌మార్కెట్ మీద మోజు పుట్టడానికి ఆ పెరటి కుళాయే కారణమేమో. చిన్నప్పుడు పెద్దమ్మ చెయ్యి పట్టుకుని మొదటిసారి వెళ్ళింది. తలుపులు వాటంతటవే పక్కకి జరిగాయి. లోపలినుంచి చల్లగాలి, దాంతో పాటు సబ్బులూ, కొత్త కాగితమూ, అప్పుడే కాల్చిన రొట్టే కలిసిన వాసన వచ్చి మొహానికి తగిలింది. పెద్దమ్మ ఉప్పు ప్యాకెట్ వెతుక్కుంటుంటే ఈ పిల్ల అరల మధ్య నిలబడి ఊపిరి పీలుస్తూ ఉండిపోయింది. ప్రపంచమంతా ఇలా ఉండాలనుకుంది. ఇలాంటి చోట పనిచెయ్యాలని అప్పుడే అనుకుంది.

అందుకే డిగ్రీ అయ్యాక తోటివాళ్ళంతా ఏవేవో పరీక్షలకి కూర్చుంటుంటే, ఆమె స్టోర్ మేనేజ్‌మెంట్ కోర్సులో చేరింది. చుట్టాలు నవ్వారు.

"కొట్లో కూర్చోడానికి కూడా చదువు కావాలా?" అని అడిగాడు మేనమామ.

"కూర్చోడానికి కాదురా, కూర్చోబెట్టడానికి," అంది అమ్మ. అమ్మకి ఆ కోర్సులో ఏం చెబుతారో తెలీదు. కూతురికి రేపు ఒక గదీ, ఒక కుర్చీ, తలుపు మీద పేరూ ఉంటాయని మాత్రం తెలుసు. అది చాలు ఆవిడకి.

చదువు బాగానే సాగింది. సరుకు ఎలా తెప్పించాలి, ఎలా పేర్చాలి, కొనేవాడి కన్ను ముందు ఏ అర మీద పడుతుంది, ఇవన్నీ ఆమెకి ఇష్టంగా ఉండేవి. పాత సరుకు ముందుకి, కొత్త సరుకు వెనక్కి అన్న సూత్రం ఇంట్లో అమ్మ పప్పుల డబ్బాల మీద కూడా అమలు చేసింది. ఆఖరి విడతలో అందరూ ఏదైనా పెద్ద స్టోర్‌లో ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. అక్కడి మేనేజర్ సంతకం పెట్టిన సర్టిఫికెట్ తెస్తేనే కోర్సు పూర్తయినట్టు. కాలేజీలో ఆ వ్యవహారాలు చూసే మేడం ముక్కుపిల్లని చిన్నప్పుడు చూసిన ఆ అద్దాల తలుపుల స్టోర్‌కే పంపింది. ఆ రోజు ఇంట్లో ఆమె నేల మీద నడవలేదు.

అక్కడి మేనేజర్‌ని శిక్షణకొచ్చిన పిల్లలు చిరునవ్వు సార్ అని పిలుచుకునేవారు. మొదటి పాఠమే నవ్వడం. పళ్ళ మధ్య పెన్సిల్ అడ్డంగా పెట్టించి, వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి మొహంలో మొహం పెట్టి చూసేవాడు.

"పళ్ళు కనపడాలి, చిగుళ్ళు కనపడకూడదు. కళ్ళు కూడా నవ్వాలి. కస్టమర్ తిట్టినా నవ్వాలి, కొట్టినా నవ్వాలి. తరవాత సెక్యూరిటీని పిలవాలి. అప్పుడు కూడా నవ్వుతూనే."

ఆ నోరు దగ్గరికొచ్చినప్పుడు ముక్కుపిల్ల ఊపిరి బిగబట్టేది. పుదీనా బిళ్ళ వాసన, దాని కింద పొద్దుటినుంచి ఊరిన ఇంకేదో వాసన. ఆయనకి ఇంకో అలవాటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ విజిటింగ్ కార్డు మూలతో పళ్ళు కుట్టుకునేవాడు. ఎవరైనా కొత్తవాళ్ళొస్తే ఆ కార్డే నవ్వుతూ చేతిలో పెట్టేవాడు. అది ఆమె రెండుసార్లు కళ్ళారా చూసింది. తనకి కార్డు ఇవ్వబోయినప్పుడు చేతినిండా సరుకు పట్టుకుని తప్పించుకుంది.

పని విషయానికొస్తే, ఇంటర్న్‌షిప్ అని పేరేగాని అది వెట్టిచాకిరీ. అరల కింద చీపురు పెట్టి ఊడిస్తే ఎలుక పెంటికలు వచ్చేవి. ట్రాలీలు తోసుకురావాలి, పగిలిన నూనె సీసాలు ఎత్తాలి, పిల్లలు సగం కొరికి వదిలేసిన బిస్కెట్లు ఏరాలి. "ఇదంతా మేనేజ్‌మెంటే," అనేవాడు సార్. జీతమిచ్చే పనివాళ్ళని కొందరిని ఈ నెలల్లోనే సెలవు మీద పంపేస్తారని, ఇంటర్న్‌లు వెళ్ళగానే మళ్ళీ పిలుస్తారని ఆమెకి తొందరలోనే తెలిసింది. అయినా ఆమెకి బాధ లేదు. పని పనే. సరుకు పేర్చడంలో ఆమె చెయ్యి చూసి సార్ కూడా మెచ్చుకున్నాడు. ఆ మీదట గొంతు బాగుందని మైకు ఇచ్చాడు. స్టోర్ మొత్తానికి వినపడేలా ఆఫర్లు చదవాలి.

"తేనె కారాలమ్మా గొంతులో. బెల్లం పాకం కాదు, తేనె," అని నేర్పాడు.

ఆమె చక్కగా నేర్చుకుంది. ఇంటి దగ్గర పక్కింటావిడ కూడా, "మీ అమ్మాయి గొంతు విన్నానొదినా, అచ్చం రేడియోలోలా ఉంది," అని అమ్మతో అంది. అమ్మ ఆ మాట వీధంతా పంచింది.

అక్కడితో ఆగినా బాగుండేది. కాని శిక్షణలో అన్ని విభాగాలూ తిరగాలి కదా. ఆమెని మాంసం, చేపల విభాగానికి మార్చారు.

బయటినుంచి చూస్తే అది కూడా అద్దమే, ఐసు మీద పరిచిన చేపలు, పచ్చటి ఆకులు, తెల్లటి దీపాలు. దాని వెనక మందపాటి ప్లాస్టిక్ తెర ఉంటుంది. ఆ తెర పక్కకి నెట్టి లోపలికి అడుగు పెట్టగానే ఆమె చెయ్యి ముక్కు మీదికి పోయింది. చలి వాసనని చంపదు, నిద్రపుచ్చుతుంది అంతే. తూము మీది జాలీకి పొలుసులు, పీలికలు అంటుకుని ఉన్నాయి. గోడ మూలల్లో గులాబీరంగు జిగట ఏదో పాకింది. అక్కడ ఏళ్ళ తరబడి పనిచేస్తున్న ఒకాయన ఉన్నాడు. అందరూ బాబాయి అనేవారు. ఎప్పుడూ నోట్లో లవంగం పెట్టుకుని ఉండేవాడు.

పొద్దున్నే తలుపులు తెరవకముందు అక్కడ జరిగే పనికి వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు స్నానం. ముందురోజు అమ్ముడుపోని చేపల్ని, రంగు మారిన కోడిమాంసాన్ని ఉప్పూ నిమ్మరసమూ కలిపిన నీళ్ళ తొట్టిలో వేసి పిసికి, జిగట పోయేదాకా కడిగి, కొత్త ట్రేలో పెట్టి, పైన ప్లాస్టిక్ చుట్టి, ఆ రోజు తేదీ స్టిక్కర్ అంటించడం. తొట్టిలో నీళ్ళు బూడిదరంగుకి తిరిగి నురగ కట్టేవి. చేతికి తొడుగులున్నా ఆ మెత్తదనం తెలిసేది. వేలు నొక్కితే నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయేది.

"మొదట్లో అందరూ ఇంతేనమ్మా," అన్నాడు బాబాయి, ఆమె మొహం చూసి. "కొన్నాళ్ళకి ముక్కు చచ్చిపోతుంది. చావకపోతే ఇక్కడ ఉండలేవు."

"మీరు ఇక్కడ చేపలు కొంటారా బాబాయ్?"

ఆయన తొట్టిలోంచి చెయ్యి తీయకుండానే నవ్వాడు. "నేనెందుకు కొంటానమ్మా? నాకు తెలుసుగా."

ఆమె సార్ దగ్గరికి వెళ్ళింది. ఇలా చెయ్యొచ్చా అని అడిగింది. ఆయన ఏ మాత్రం తడబడలేదు.

"మీ పుస్తకంలో నష్ట నివారణ అని ఒక పాఠం ఉంది కదా? ఇది దాని ప్రాక్టికల్. ఇవన్నీ పుస్తకంలో రాయరు. అందుకే కదా మిమ్మల్ని ఇక్కడికి పంపేది."

ముక్కుపిల్ల తిరిగొచ్చి తొట్టి ముందు నిలబడింది. ఆమె మంచిదనో వీరవనితనో చెప్పడానికి ఇక్కడ వీల్లేదు. సర్టిఫికెట్ ఆయన చేతిలో ఉంది. అమ్మ కట్టుకున్న మేడలన్నీ ఆ కాగితం మీదే ఉన్నాయి. రోజూ పొద్దున్నే ముక్కుకి రుమాలు కట్టుకుని కడిగింది, చుట్టింది, స్టిక్కర్లు అంటించింది. తెర బయటికి వచ్చి, మైకు అందుకుని, తేనె కార్చింది. మనసులో రోత ఎంత పేరుకుంటే గొంతు అంత తియ్యగా వచ్చేది. దాంతో తన గొంతంటేనే ఆమెకి అసహ్యం పుట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చి పెరటి కుళాయి దగ్గర చేతులు తోముకునేది. ఒక్కోసారి అక్కడ నాన్న కూడా ఉండేవాడు. ఒకే సబ్బు, ఒకే చెంబు. ఆయన ఒకరోజు ముక్కు ఎగబీల్చి, "ఇదేం వాసనే? నా దగ్గరనుంచి రాలేదే," అన్నాడు.

"కొట్టు వాసన," అంది ఆమె. అంతకు మించి చెప్పలేదు. ఆయన కూడా గుచ్చి అడగలేదు గాని ఆ రోజు సబ్బు ముందు ఆమెకే ఇచ్చాడు.

ఇలా ఉండగా వరసగా సెలవులొచ్చి స్టోర్ మూసి ఉన్న రోజుల్లో చేపల పెద్ద ఫ్రీజర్ పాడైపోయింది. తెరిచిన రోజు పొద్దున ఆమె తెర తీసేసరికి నేలంతా ఎర్రటి జిగట నీళ్ళు. చేపల కళ్ళు తెల్లబడి లోపలికి పోయాయి. పొట్టలు ఉబ్బి కొన్ని పగిలాయి. చచ్చిన వాసన గొంతులో కూర్చుని మింగుడు పడలేదు. లవంగం బాబాయి కూడా ఆ రోజు గుమ్మంలోనే ఆగిపోయాడు. చిరునవ్వు సార్ రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి చూశాడు. రుమాలు పైన కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

"స్నానం చేయించండి. నిమ్మరసం ఎక్కువ వెయ్యండి. మాంసం ఫ్రీజర్‌లో గట్టిగా గడ్డ కట్టించి రేపు స్పెషల్ ఆఫర్‌లో పెడదాం, సగం ధర. పర్మనెంట్ వాళ్ళెవరూ చెయ్యి పెట్టొద్దు, ట్రైనీలే చెయ్యండి. మీకు మంచి ఎక్స్‌పీరియన్స్."

"సార్, ఇవి పారేయాలి," అంది ముక్కుపిల్ల.

"పారేస్తే నష్టం నా పేరు మీద పడుతుంది. అమ్మితే లాభం అందరిదీ."

ఆమె చేసింది. చేపలు ఎత్తుతుంటే కొన్నిటి చర్మం ఊడి చేతికొచ్చింది. సగంలో నేల తుడిచే బక్కెట్‌లోకి వాంతి చేసుకుంది. సార్ దగ్గరికొచ్చి, భుజం తట్టి, జేబులోంచి పుదీనా బిళ్ళ తీసి చేతిలో పెట్టాడు. "కానియ్యమ్మా. నీలో మేనేజర్ ఉంది," అన్నాడు. ఆ బిళ్ళకి జేబులోని నూగు అంటుకుని ఉంది.

మర్నాడు ఆఫర్ మైకులో చదివింది కూడా ఆమే. జనం ఎగబడ్డారు. సగం ధర అన్న మాట వింటే మనిషికి మిగతా మాటలు వినపడవు. మధ్యాహ్నానికి చాలా ట్రేలు ఖాళీ అయ్యాయి.

సాయంత్రం ఆమె ఇంటి మెట్లెక్కుతుండగానే వాసన కొట్టింది. మొదట తన చేతులనే అనుకుంది. తలుపు తీస్తే అమ్మ పొయ్యి దగ్గర ఉంది. నాన్న కంచం ముందు కూర్చుని రెండో ముక్క తింటున్నాడు. గట్టు మీద చింపిన ప్లాస్టిక్, దాని మీద వంకరగా అంటించిన స్టిక్కర్. హడావుడిగా అంటిస్తే ఆమె చెయ్యి ఎప్పుడూ అలా కుడివైపుకి వంగుతుంది.

"మీ కొట్లోవే," అంది అమ్మ సంబరంగా. "సగం ధరకి ఇస్తున్నారని నువ్వే మైకులో చెప్పావట కదా, పక్కింటావిడ పరుగున వచ్చి చెప్పింది. ఇద్దరం కలిసి వెళ్ళాం. నువ్వు కనపడలేదు."

ముక్కుపిల్ల నాన్న ముందున్న కంచం లాగేసింది. గిన్నె ఎత్తి పెరట్లోకి విసిరింది. అమ్మ కేక వేసింది, తిండి నేలపాలు చేస్తావా అని. అప్పుడు చెప్పింది, మొత్తం. స్నానాలు, స్టిక్కర్లు, ఫ్రీజర్, చర్మం ఊడి చేతికి రావడం. నాన్న నోట్లోది ఉమ్మేసి మంచినీళ్ళ కోసం లేచాడు. అమ్మ మాత్రం కదల్లేదు. కూతురి మొహంలోకి చూసి ఒక్కటే అడిగింది.

"అయితే తెలిసే అమ్మావా? ఊరందరికీ?"

ఆమె గట్టు మీది ప్లాస్టిక్ తీసి, ఆ వంకర స్టిక్కర్‌ని గోటితో గీకసాగింది.

ఆ తరవాత నాన్న పడ్డ అవస్థ చెప్పనక్కర్లేదు. ఊరి దొడ్లన్నీ బాగుచేసినవాడు తెల్లారేదాకా సొంత దొడ్డి వదల్లేదు. పక్కింట్లో లైటు కూడా వెలుగుతూనే ఉంది.

పొద్దున్న ఆమె రోజూలాగే యూనిఫాం వేసుకుని వెళ్ళింది. ఐసు మీద మిగిలిన చేపలు మెరుస్తున్నాయి. సగం ధర బోర్డు అలాగే ఉంది. జనం నిండాక ఆమె మైకు అందుకుంది. అలవాటుకొద్దీ గొంతులోకి ఆ తేనే వచ్చింది.

"ప్రియమైన కస్టమర్లకి నమస్కారం. చేపల విభాగంలో సగం ధరకి అమ్ముతున్న చేపలు ఫ్రీజర్ పాడై కుళ్ళిపోయినవి. కడిగి, తేదీ మార్చి పెట్టాం. దయచేసి కొనకండి. ధన్యవాదాలు."

స్టోర్ మొత్తం నిశ్శబ్దమైపోతుందనుకుంది. ఏమీ కాలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ట్రాలీలు కదులుతూనే ఉన్నాయి. ఒకాయన సబ్బుల దగ్గర నిలబడి రెండు సబ్బులు మార్చి మార్చి చూసుకుంటున్నాడు. చేపల దగ్గర ఒకావిడ పక్కావిడని అడిగింది, "ఏమంటోంది?" "ఆఫర్ ఇంకా ఉందంటోంది," అంది ఆవిడ, ఇంకో ట్రే అందుకుంటూ. ఆ మైకులో ఇన్నాళ్ళూ వచ్చిన తేనె అంత పని చేసింది. ఆ గొంతు వినడం జనం ఎప్పుడో మానేశారు.

ఒక్కావిడ మాత్రం నేరుగా ఆమె దగ్గరికొచ్చింది. మంచి చీర, మెడలో గొలుసు, పెద్దింటావిడలాగే ఉంది. గొంతు తగ్గించి అడిగింది.

"పాడైనవంటున్నావు కదమ్మా, అయితే ఇంకాస్త తగ్గిస్తారా? మాకు కాదులే. పనివాళ్ళకి."

ముక్కుపిల్లకి తొట్టి ముందు కూడా అంత రోత కలగలేదు. మళ్ళీ మైకు నోటికి ఆనించుకుంది. ఈసారి వచ్చింది ఇంట్లో మాట్లాడే గొంతే, బొంగురుగా.

"చేపలు కుళ్ళాయి. వినపడుతోందా? కుళ్ళాయి. కడిగింది నేనే. స్టిక్కర్ అంటించింది నేనే. మా నాన్న తిని రాత్రంతా వాంతులు చేసుకున్నాడు. తినకండి."

అప్పుడు కొందరు తలెత్తారు. కొందరు ట్రేలు తీసి పక్కన పెట్టారు. పక్కనంటే ఎక్కడ? చేతికందిన చోట. బిస్కెట్ల మధ్య, పసిపిల్లల పౌడరు డబ్బాల మీద, తువ్వాళ్ళ దొంతర మీద. కాసేపటికి ఆ అరలన్నిటి మీదనుంచీ ఎర్రటి నీళ్ళు కారడం మొదలైంది. కొనేసినవాళ్ళలో చాలామంది సంచీ గట్టిగా పట్టుకుని బయటికి నడిచారు. సగం ధర కదా, బాగా ఉడికిస్తే సరిపోతుందని ఒకాయన భార్యకి నచ్చజెబుతున్నాడు.

చిరునవ్వు సార్ వచ్చి ఆమె చేతిలోంచి మైకు మెల్లగా తీసుకున్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు.

"సాంకేతిక లోపం వల్ల తప్పుడు ప్రకటన వచ్చింది, క్షమించండి," అని మైకులో చెప్పి, ఆమెని గదిలోకి తీసుకెళ్ళి తలుపేశాడు.

"గొంతు బాగుంది. రెండోసారి ఇంకా బాగుంది," అన్నాడు విజిటింగ్ కార్డుతో పన్ను కుట్టుకుంటూ. "కాని నీకు వ్యాపారం రాదు."

కాలేజీ మేడం పరుగెత్తుకొచ్చింది. క్షమాపణ రాసిస్తే సార్ పెద్దమనసుతో వదిలేస్తానన్నారని, సర్టిఫికెట్ కూడా ఇస్తారని చెప్పింది.

"జరిగింది రాసిస్తాను మేడం."

"జరిగింది రాస్తే అది క్షమాపణ ఎలా అవుతుంది? నీ ఒక్కదాని ముక్కు కోసం వచ్చే ఏడు పిల్లలందరి పొట్ట కొడతావా? ఈ స్టోర్ మనల్ని వద్దంటే వాళ్ళని నేనెక్కడికి పంపాలి?"

"ఇక్కడికి మాత్రం పంపకండి," అంది ముక్కుపిల్ల.

సర్టిఫికెట్ రాలేదు. కోర్సు పూర్తి కానట్టే లెక్క. అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. పక్కింటావిడ ఫ్రిజ్‌లో మిగిలిన ట్రే అడిగి తీసుకుని, సంచీలో పెట్టుకుని, ఆహార తనిఖీ ఆఫీసుకి ఒంటరిగా వెళ్ళింది. అక్కడ ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి తిప్పారు. ఆఫీసరు మీటింగ్‌లో ఉన్నాడని కూర్చోబెట్టారు. కూర్చుని కూర్చుని ఉండగా ఒళ్ళో చేప కరిగి చీర తడిసింది. చివరికి ఒక గుమస్తా ముక్కు మూసుకుని వచ్చి, "ఏంటమ్మా ఈ కంపు? బయట పెట్టి రా," అన్నాడు. బయట పెడితే కుక్క ఎత్తుకుపోయింది. సాక్ష్యం లేకుండా ఫిర్యాదు తీసుకోం అన్నారు. అమ్మ తడిసిన చీరతోనే నడుచుకుంటూ ఇంటికొచ్చి, ఆ చీర ఉతకలేదు, చెత్తలో పడేసింది. స్టోర్ అలాగే నడిచింది. చిరునవ్వు సార్‌కి ఆ ఏడే పెద్ద బ్రాంచికి ప్రమోషన్ వచ్చింది.

ముక్కుపిల్ల కొన్నాళ్ళు ఖాళీగా ఉంది, కొన్నాళ్ళు ఒక కూరగాయల గోడౌన్‌లో మంచీ చెడూ ఏరే పని చేసింది. అక్కడ పరిచయమైన ఒక పెద్దావిడకి నాలుగు వీధులవతల చిన్న కిరాణా కొట్టు ఉండేది. భర్త పోయాక చూసుకునేవాళ్ళు లేక మూసేద్దామనుకుంటోంది. ముక్కుపిల్ల అందులో చేరింది. చేరిన వారంలోనే సగం కొట్టు ఖాళీ చేసి చెత్తబండికి ఎత్తించింది. పెద్దావిడ గుండెలు బాదుకుంది.

"నీ ముక్కు నన్ను ముంచేలా ఉందే."

"మునిగితే ఇద్దరం మునుగుదాం పెద్దమ్మా. ఈ పిండి మాత్రం అమ్మను," అంది.

మునగలేదు, కాని దగ్గరదాకా వెళ్ళొచ్చారు. పారేసేది ఎక్కువైతే కొట్టు నిలవదని ఆమెకి దెబ్బ తిన్నాకే తెలిసింది. మెల్లగా తక్కువ తెప్పించడం, తొందరగా అమ్మడం పట్టుబడింది. ఏళ్ళు గడిచాయి. కొట్టు పక్క గదిలోకి పెరిగింది, ఆపైన వీధి చివరికి మారింది. పెద్దావిడ తలుపు మీద ముక్కుపిల్ల పేరు రాయించి, మేనేజర్ అని కింద పెట్టించింది. అమ్మ వచ్చి ఆ కుర్చీలో ఒకసారి కూర్చుని చూసింది. అక్కడ చేపలు మాత్రం అమ్మరు. ఆ వాసన ఇప్పటికీ ముక్కుపిల్లకి పడదు. ఎవరింటికైనా భోజనానికి వెళితే ముందే చెప్పేస్తుంది.

ఈమధ్య ఆమె చదివిన కాలేజీ నుంచే కబురొచ్చింది. ఇంటర్న్‌షిప్‌కి పిల్లల్ని తీసుకునే స్టోర్ల వాళ్ళందరినీ ఒకరోజు పిలుస్తున్నారట. పాత మేడం రిటైరయింది, కొత్తవాళ్ళకి ఈమె ఎవరో తెలీదు. తన కొట్లో పనికి ఇద్దరు ఇంటర్న్‌లు కావాలి కదా అని వెళ్ళింది. వేదిక మీద ముఖ్య అతిథిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. జుట్టు తెల్లబడింది, పళ్ళు కొత్తవి. నవ్వు మాత్రం పాతదే. ఆ అద్దాల తలుపుల స్టోర్ల కంపెనీలో శిక్షణ విభాగం మొత్తానికి ఆయనే పెద్ద ఇప్పుడు.

నిజాయితీ గురించి మాట్లాడాడు. మధ్యలో ఒక అనుభవం చెప్పాడు.

"ఒకసారి మా ఫ్రీజర్ పాడై చేపలు చెడిపోయాయి. కిందివాళ్ళు కడిగి అమ్మేద్దాం సార్ అన్నారు. నేనేం చేశానో తెలుసా? మైకు తీసుకున్నాను. అయ్యా, ఈ చేపలు కుళ్ళాయి, కొనకండి అని స్టోర్ మొత్తానికీ నేనే చెప్పాను. నష్టం నా పేరు మీద వేసుకున్నాను. రిటైల్ అంటే అదీ."

హాలంతా చప్పట్లు. ముక్కుపిల్ల నోట్లో చేదు నీళ్ళూరాయి. స్టోర్ల వాళ్ళంతా వరసగా రెండేసి మాటలు చెబుతుంటే ఆమె వంతు వచ్చింది. మైకు దగ్గరికి వెళ్ళి, సుత్తి లేకుండా చెప్పేసింది.

"సార్ చెప్పింది జరిగింది. మైకు తీసుకున్నది నేను. కడిగి అమ్మమన్నది ఆయన."

చిరునవ్వు సార్ పకపకా నవ్వి చప్పట్లు కొట్టాడు. "చూశారా, మా పాత స్టూడెంట్. స్టేజీ మీద ఎలా పడగొట్టాలో నేర్పింది నేనే," అన్నాడు. హాలు కూడా నవ్వింది. అది జోకనుకున్నారు. ఫోటోల దగ్గర ఆయన చెయ్యి చాచాడు, వేళ్ళ మధ్య విజిటింగ్ కార్డుంది. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. ఫోటో అలాగే తీశారు.

బయటికొచ్చి నోరు పుక్కిలించడానికి కుళాయి కోసం చూస్తుంటే ఒక అమ్మాయి వెనకే వచ్చింది. కళ్ళజోడు, చంకలో ఫైలు.

"మేడం, మీరు లోపల చెప్పింది నిజమా?" అని అడిగింది.

"నిజమే."

"అనుకున్నా." చంకలో ఫైలు సర్దుకుంది. "మీ దగ్గర స్టైపెండ్ ఇస్తారా మేడం? చాలా చోట్ల ఇవ్వట్లేదు."

ముక్కుపిల్లకి ముందు ఒళ్ళు మండింది. ఇంత జరిగితే ఈ పిల్ల అడిగేది ఇదా అనుకుంది. మరు నిమిషంలో తనకి ఆ రోజుల్లో ఒక్కరూ ఏమీ ఇవ్వలేదని, తను అడగను కూడా అడగలేదని తట్టింది.

"ఇస్తాం. పెద్దగా ఉండదు, నెల నెలా సరిగ్గా వస్తుంది," అంది. "కాని కొట్టు ఊడవాలి, సరుకు మొయ్యాలి. నవ్వడం గట్రా నేర్పించను."

"నవ్వు నాకు ఎలాగూ రాదు మేడం," అంది ఆ అమ్మాయి. సోమవారం నుంచి రమ్మని చెప్పి ఆమె బస్సు వైపు నడిచింది.